తిరిగే ఊరికి ఆగ్నేయం ఎటు

1. ఊరి ముఖం: ఈశాన్యం. గాలి: మామూలు.

ఊరి చిట్టా రాసే వంతు ఈ వానాకాలం మా ఇంటికి వచ్చింది. పోయినసారి రాసినాయన "గాలి వీచింది, ఊరు తిరిగింది, అందరూ క్షేమం" అని సీజనంతా అదే వాక్యం రాశాడు. ఆ సీజన్లోనే ఊళ్లో ఒక పెళ్లి కుదిరింది, ఇంకొకటి పీటల మీద ఆగిపోయింది, ప్రెసిడెంటు సముద్రంలో పడి మళ్లీ తేలాడు. వీటిలో ఒక్కటీ చిట్టాలో లేదు. నేను నాకు తోచినట్టు రాస్తాను. నచ్చనివాళ్లు పైన గాలి సంగతి వరకు చదివి మూసేయవచ్చు.

నా పేరు తన్మయి, ఊరందరికీ మామ్మని. నా ఈడు ఆడవాళ్లందరివీ ఇలాంటి ముసలి పేర్లే: లాస్య, హాసిని, సమన్విత. ఇప్పటి పిల్లలకు గవరమ్మ, పుల్లాయి, అచ్చియ్య అంటూ కొత్త ఫ్యాషన్ పేర్లు పెడుతున్నారు. ఒడ్డున కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక, మనవరాలు గవరమ్మ దగ్గర ఉందామని ఈ తెప్పలూరికి వచ్చాను. మధ్యలో కంటి ఆపరేషన్‌కి ఒడ్డుకు వెళ్లి నిన్ననే తిరిగొచ్చాను. కొత్త కళ్లతో చూస్తే ఇంట్లో ఎంత దుమ్ముందో తెలిసింది. అది దుమ్ము కాదు, సముద్రపు ఉప్పు అంటుంది గవరమ్మ. అయితే కూరలో వెయ్యమన్నాను.

పొద్దున అప్పడాలు ఎండబెట్టాను. మా ఊళ్లో ఇది కూర్చుని చేసే పని కాదు. సముద్రం మీద తేలే ఊరంతా ఒకే లంగరుకు కట్టి ఉంటుంది కనుక గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది. ఎండ తన దారిన తాను పోతుంది, ఊరు తన దారిన తాను పోతుంది, నేను చాప పట్టుకుని ఆ రెంటి వెనకా పోతాను. మధ్యాహ్నానికి అప్పడాలు సగం ఎండాయి, నేను పూర్తిగా ఎండాను.

గవరమ్మ మాత్రం ఊరి హాల్లోంచి కదలడం లేదు. అక్కడ గుడ్లున్నాయి. ఈ ఊళ్లో పుట్టిన పిల్లలెవరూ కోడిని చూడలేదు; బొమ్మ చూపిస్తే "ఇది ఏ చేప" అని అడుగుతారు. గవరమ్మ రెండేళ్లు సభలో అందరి ప్రాణాలూ తీసి, ఊరందరి వాటా ఎండు రొయ్యలూ ఒడ్డుకు పంపించి, బదులుగా ఒక బుట్టెడు పొదిగే గుడ్లు తెప్పించింది. అవి హాల్లో పొదిగే పెట్టెలో ఉన్నాయి. పెట్టెకు కరెంటు సరిగ్గా అందాలి. గుడ్లలోంచి పిల్లలు లేస్తే మా ఊరికి కోళ్లు వచ్చినట్టు. లేవకపోతే గవరమ్మ తిరిగి నాచు ఆరబెట్టే పనికి పోవాలి. మళ్లీ గుడ్లు తెప్పిద్దామని ఆ సభలో నోరెత్తే ధైర్యం ఇంకెవరికీ ఉండదు.

2. ఊరి ముఖం: తూర్పు. గాలి: తడి. మొదటి పిడుగు పడింది.

మా ఊరు బతికేదే పిడుగుల మీద. ఊరి నడుమ ఉన్న పిడుగు స్తంభం ఉరుమురిమినప్పుడల్లా నోరు తెరుచుకుని నిలబడుతుంది. ఒక మంచి పిడుగు మింగిందంటే వారం పాటు అందరి వంటా అయిపోతుంది. కాకపోతే మింగేటప్పుడు పొలమారుతుంది. ఆ పొలమారిన కరెంటు ఒక్క రెప్పపాటు పొంగి, తీగల వెంట ఇళ్లమీద పడుతుంది. అందుకే ఈ ఏడు నేను ఒడ్డున ఉండగా ఇంటింటికీ కొత్తగా సర్జ్ డబ్బాలు తెప్పించారు. పొంగి వచ్చినదాన్ని పట్టి ఎర్త్ తీగలోకి తోసెయ్యడం ఆ డబ్బా పని. మా ఎర్త్ తీగ వెళ్లేది సముద్రంలోకే అయినా ఎర్త్ అనే అంటాం.

ఈ రోజు స్తంభం పిడుగు మింగింది, పొలమారింది, పొదిగే పెట్టెలో వేడిని చూసుకునే పలక కమిలిపోయింది. నేను వెళ్లేసరికి గవరమ్మ పెట్టెను రెండు చేతులతో కావలించుకుని ఉంది. ఊరంతా దుప్పట్లు పట్టుకొచ్చి పెట్టెకు చుట్టబెట్టారు. ఊరికి వాస్తు, దిక్కులు చూసే ప్రణీత్ సిద్ధాంతిగారు తన పట్టు కండువా కూడా కప్పారు. ఉన్న ఒకే ఒక్క స్పేరు పలక బిగించి, గవరమ్మ గుడ్లను ఒక్కొక్కటిగా టార్చిలైటు మీద పెట్టి చూసింది. లోపల ఎర్రగా కదులుతున్నాయి. బతికే ఉన్నాయి.

"ఇంకో పలక లేదు మామ్మా," అంది. "వానలయ్యేదాకా పడవ రాదు. ఇంకోసారి ఇలాగైతే ఇంక అంతే. అయినా సర్జ్ డబ్బా పెట్టించాం కదా, ఎందుకు కాలింది?"

నేను ప్యానెల్ తలుపు తీశాను. మెయిన్ స్విచ్ ఉంది. బ్రేకర్లున్నాయి. డబ్బా లేదు. డబ్బా ఉండాల్సిన చోటునుంచి ఒక తీగ బయల్దేరి, పెళ్లికూతురి జడలా ముచ్చటగా చుట్టలు చుట్టుకుని, మధ్యమధ్య ఎర్ర దారం ముళ్లతో, గోడ వెంట హాలు అవతలి మూలకు వెళ్లింది. అక్కడ కొక్కేనికి డబ్బా వేలాడుతోంది. డబ్బాకి పసుపు, కుంకుమ, ఒక మందారం.

"ఇదేమిటే?"

"ఆగ్నేయం మామ్మా. అగ్నికి సంబంధించింది కదా, ఆగ్నేయ మూలే ఉండాలన్నారు సిద్ధాంతిగారు."

"మిగతా మూలల్లో కూడా కొక్కేలున్నాయే?"

"ఊరు తిరుగుద్ది కదా. తిరిగినప్పుడల్లా ఆగ్నేయం మారుద్ది. ఆయన శంఖం ఊదుతారు, మేం డబ్బా తీసుకెళ్లి ఆ మూల తగిలిస్తాం. అన్ని మూలలకీ అందాలని తీగ పొడుగ్గా పెట్టించేరు."

నేను ప్యానెల్ తలుపు మెల్లగా మూశాను. గవరమ్మ భయపడింది. నేను ఏ తలుపునైనా మెల్లగా మూయడం తను ఇంతకు ముందు చూడలేదు.

3. ఊరి ముఖం: దక్షిణం. గాలి: నిలకడ లేదు, నాకు ఓపిక లేదు.

సిద్ధాంతిగారిని ఇంటికి కాఫీకి పిలిచాను. మంచి మనిషి. దిక్సూచి మెడలో వేసుకుని తిరుగుతారు. కదిలే ఊళ్లో ఏ దిక్కు ఎటో చెప్పగలిగేది ఆయనొక్కరే కనుక ఆ గౌరవం న్యాయమైనదే.

"సిద్ధాంతిగారూ, డబ్బాని ప్యానెల్లోకి తెచ్చేద్దామండి. మెయిన్ పక్కనే. జానెడు తీగ, ఎక్కడా మెలిక లేకుండా."

"అమ్మగారూ, ప్యానెల్ ఈ పూట వాయవ్యంలో ఉందండి. వాయవ్యం అంటే గాలి. గాలిలో నిప్పు పెడతారాండీ ఎవరైనా?"

"మామూలు కరెంటుకి ఎంత తీగైనా ఒకటేనండి. ఈ పొంగు అలా కాదు. రెప్పపాటులో వచ్చిపడేదానికి తీగ పొడుగే గోడ. చుట్టలు చుడితే కోటగోడ. డబ్బా వైపు దారి అంత కష్టంగా ఉంటే అది పాపం ఏం చేస్తుంది? దగ్గరున్న గుడ్ల పెట్టెలోకి పోతుంది."

"దిక్కు సరిగ్గా ఉంటే దారి అదే దొరుకుతుందండి."

"మొన్న దొరకలేదుగా."

"మొన్న శంఖం ఆలస్యమైందండి. తప్పు నాది. కునుకు పట్టేసింది." తల వంచుకున్నారు. ఆయన నిజంగానే బాధపడుతున్నారు. "అమ్మగారూ, నేను గుడ్లు ముట్టనుగానీ, తెల్లారగట్ల కోడికూత వినాలని ఎన్నాళ్లనుంచో ఉందండి. ఈ ఊళ్లో తెల్లారిందని చెప్పేవాడే లేడు. ఆ గుడ్లకి ఏమైనా అయితే నాకూ బాధేనండి."

ఇలాంటి మనిషితో పోట్లాడటం మహా కష్టం. మూర్ఖుడైతే రెండు మాటలని ఊరుకోవచ్చు. ఈయన కాఫీ బాగుందని కూడా అన్నారు.

వెళ్లాక స్క్రూడ్రైవరు తీసుకుని బయల్దేరబోయాను. గవరమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"వద్దు మామ్మా. నువ్వు మార్చేక పిడుగు పడి ఏదైనా అయిందనుకో, వాస్తు తప్పించారు కాబట్టే పోయేయంటారు. గుడ్లు ఊరందరివి. ఊరందరూ ఒప్పుకోవాలి."

"ఒప్పుకోకపోతే?"

"నువ్వు ఒప్పించాలి. అంతమంది పిల్లలకి పాఠాలు చెప్పేవు కదా."

చెప్పాను. వాళ్లలో సగం మంది ఫెయిలయ్యారు.

4. ఊరి ముఖం: పడమర. గాలి: జోరు. సభ జరిగింది, జరక్కపోయినా బాగుండేది.

హాల్లో అందరినీ కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. రెండు తొట్టెలు తెప్పించాను. మొదటిదానికి నీళ్లు పడే చోటే పెద్ద తూము. రెండోదానికి పొడుగాటి గొట్టం, చుట్టలు చుట్టి, ఆ చివర తూము. రెండింటిలోనూ ఒక్కసారిగా బిందెడు నీళ్లు కుమ్మరించాను. మొదటి తొట్టె బుడబుడా కక్కేసి ఊరుకుంది. రెండోది పొర్లి, ముందు వరసలో కూర్చున్న ప్రెసిడెంటు విహారిగారి ఒళ్లోకి వచ్చింది.

"చూశారా," అన్నాను. "బయటికి పోయే దారి గుమ్మం దగ్గరే, దగ్గరగా ఉండాలి. ఎక్కడో దూరంగా ఉంటే నీళ్లు ఇంట్లోకొస్తాయి. డబ్బా అయినా అంతే."

విహారిగారు పంచె పిండుకుంటూ లేచారు. "చాలా బాగా చూపించేరు మామ్మగారూ. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు మాకు. రెండో తొట్టె నైరుతిలో పెట్టేరు కదండీ, అందుకే పొర్లింది."

సభ మొత్తం ఆయ్, అదేనండి అంది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఒకామె వచ్చి నా చేతులు పట్టుకుని, ఇన్నాళ్లూ వాస్తు మీద ఉన్న కాస్త అనుమానం ఈ పూటతో తీరిపోయిందని చెప్పింది. గవరమ్మ మొహం దాచుకుని నవ్వుతోంది. నవ్వుతోందా ఏడుస్తోందా అని దగ్గరికెళ్లి చూశాను. రెండూ.

తొట్టెలు మార్చి మళ్లీ చూపిద్దామంటే నీళ్లు వృథా చెయ్యకూడదని తీర్మానం చేశారు.

5. ఊరి ముఖం: రాసేలోగా మారింది. గాలి: సుడిగాలి.

ఈ రోజు జరిగింది వరసగా రాయాలంటే నా గుండె నిలకడగా కొట్టుకోవాలి. ఇంకా అలా కొట్టుకోవడం లేదు.

భోజనాల వేళ దాటగానే మబ్బు పట్టింది. గాలి ఒక వైపునుంచి కాదు, అన్ని వైపులనుంచీ ఒకేసారి వచ్చింది. ఊరు లంగరు చుట్టూ బొంగరంలా తిరగడం మొదలుపెట్టింది. సిద్ధాంతిగారు శంఖం ఊదారు. అందరూ డబ్బాలు పట్టుకుని పరుగెత్తి ఒక మూల తగిలించారు. తగిలించి వెనక్కి తిరిగేలోగా మళ్లీ శంఖం. మళ్లీ పరుగు. కాసేపటికి శంఖానికీ శంఖానికీ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా లేకపోయింది. ఒక ఇంట్లో మొగుడు ఈ మూల తగిలిస్తుంటే పెళ్లాం ఆ మూలకు లాక్కుపోతోంది. విహారిగారి ఇంట్లో డబ్బా పట్టుకుని ఇంటిల్లిపాదీ ఒకరి వెనక ఒకరు రైలాటలా తిరుగుతున్నారు. తీగలు స్తంభాలకూ మంచం కోళ్లకూ చుట్టుకుంటున్నాయి. ఎవరి ఇంట్లో చూసినా కాళ్లూ తీగలూ తప్ప ఏమీ కనబడటం లేదు. నేను నవ్వకూడదు. నవ్వాను. కొత్త కళ్లలోంచి నీళ్లు కారితే మంచిది కాదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి కాస్త తగ్గించాను.

హాల్లోకి వెళ్లేసరికి అక్కడ నవ్వే పరిస్థితి లేదు. గుడ్ల డబ్బా బాధ్యత సిద్ధాంతిగారు స్వయంగా తీసుకున్నారు. ఒక చేత్తో శంఖం, ఒక చేత్తో డబ్బా, మెడలో దిక్సూచి. హాలు నడిమి స్తంభం చుట్టూ తిరిగి తిరిగి, తీగంతా దానికి చుట్టేసి, చివరికి తనూ ఆ చుట్టల్లోనే ఇరుక్కుపోయారు. డబ్బా ఇప్పుడు ఏ మూలకూ అందదు. ఆయన స్తంభానికి కట్టేసినట్టు నిలబడి ఉన్నారు. దూరంగా ఉరుము వినబడుతోంది. పెట్టెకు అడ్డంగా గవరమ్మ రెండు చేతులూ చాపి నిలబడింది, పిడుగును చేతులతో ఆపేలాగ.

"సిద్ధాంతిగారూ, ఇప్పుడు ఆగ్నేయం ఎటండి?"

ఆయన దిక్సూచి చూశారు. ముల్లు గిర్రున తిరుగుతోంది. "తెలీదండి," అన్నారు చిన్నగా. నాకు జాలేసింది.

ఆయన్ని వెక్కిరించడానికి నా దగ్గర మంచి మాటలు చాలా తయారుగా ఉన్నాయి. గవరమ్మ మొహం చూసి మానేశాను. నిజంగా తెలుసుకుందామనే అడిగాను.

"కదిలేవాటికి దిక్కులు ఎలా చూస్తారండి మీ శాస్త్రంలో? రథం ఉందనుకోండి. వీధి మలుపు తిరిగినప్పుడల్లా దేవుణ్ణి తీసి ఇటు తిప్పి పెడతారా?"

"అబ్బే, అలా ఎందుకండీ. పూజకి దేవుడూ పూజారీ ఎదురెదురుగా ఉంటే చాలు, వాళ్లిద్దరి మధ్యా ఉన్నదే తూర్పనుకుంటామండి. అక్కణ్ణుంచి మిగతావి లెక్క. రథం ఎటు తిరిగినా..."

ఆగిపోయారు. చూపు దిక్సూచి మీదినుంచి ప్యానెల్ మీదికి వెళ్లింది. నేను ఒక్క మాట కూడా సాయం చెయ్యలేదు. క్లాసులో ఇలాంటి క్షణం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేదాన్ని. అది వచ్చినప్పుడు మాట్లాడకూడదు.

"గవరమ్మా," అన్నారాయన. "ఆ ప్యానెల్ తలుపు తియ్యమ్మా. దాని ఎదురుగా నిలబడు."

నిలబడింది.

"నీకూ దానికీ మధ్య ఉన్నది తూర్పు. అది తూర్పుకేసి చూస్తోంది. అయితే దాని కుడిచెయ్యి దక్షిణం. అంటే నీకు ఎడమ వైపు. తూర్పుకీ దక్షిణానికీ నడిమిది, ముందు ఎడమ మూల. అక్కడేముందమ్మా?"

"మెయిన్ స్విచ్చండి," అంది గవరమ్మ. "దాని పక్కన డబ్బా పట్టేంత ఖాళీ."

"అదే ఆగ్నేయం. ఊరు ఎటు తిరిగినా అదే."

మా ప్యానెళ్లలో మెయిన్ ఎడమ చివర ఉంటుంది. కుడి చివర ఉండి ఉంటే ఆ పూట నేనేం చేసేదాన్నో ఈ చిట్టాలో రాయను.

6. అదే రోజు. ఇంకా అయిపోలేదు.

ఊరి సభ అనుమతి సంగతి గవరమ్మకు గుర్తొచ్చింది. గుమ్మంలో విహారిగారు కాలికి తీగ చుట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. "సిద్ధాంతిగారు చెప్పేక ఇంకేంటమ్మా," అన్నారు. "నా కాలు కూడా కాస్త చూడండి."

మెయిన్ ఆపేశాను. ఆపినా మెయిన్‌కు పైనుంచి వచ్చే తీగల్లో కరెంటు ఉంటుందనీ, వాటి జోలికి పోవద్దనీ గవరమ్మకు చెప్పాను. చెప్పిందే మళ్లీ చెప్పాను. ఊళ్లోవాళ్లు దుప్పట్లతో పెట్టెను చుట్టేశారు. ఆ పొడుగాటి జడను మొదట్లోనే కత్తిరించింది గవరమ్మే. కత్తిరించేటప్పుడు కళ్లు మూసుకోబోతే, తెరిచి చెయ్యమన్నాను. సిద్ధాంతిగారి చేతిలోంచి డబ్బా విప్పి తెచ్చి, మెయిన్ పక్కన కూర్చోబెట్టి, దానికి దాని చిన్న బ్రేకరు తగిలించి, తీగలు జానెడుకు మించకుండా తిన్నగా లాగి బిగించాం. ఎర్త్ తీగ కూడా పక్కనే ఉన్న పట్టీకి. ఒక్క మెలిక లేదు. పెట్టెకు, వచ్చే పొంగుకు నడుమ డబ్బా కూర్చుంది, దాటి పోవాలంటే ముందు దాన్నే పలకరించాలి.

స్తంభం దగ్గరనుంచి సిద్ధాంతిగారు "బొట్టు పెట్టండమ్మా," అన్నారు.

"పెట్టు," అన్నాను గవరమ్మతో. "డబ్బా పైన, లోపల కాదు."

మెయిన్ వేశాం. డబ్బా మీద పచ్చ దీపం వెలిగింది. పొదిగే పెట్టె తన మానాన తను మూలగడం మొదలుపెట్టింది.

అప్పుడు పిడుగు పడింది. ఈ సీజన్లో ఇంత పెద్దది పడలేదు. పిడుగు స్తంభం దాన్ని అమాంతం మింగింది. ఊరంతా ఒక్కసారి తెల్లగా అయింది. వీధి చివరినుంచి రైస్ కుక్కర్లు టప్ టప్‌మని పోవడం వరసగా వినిపించింది. ఎవరింటిది పోయిందో వాళ్ల కేకను బట్టి తెలుస్తోంది. హాల్లో దీపాలు రెప్ప వేసి తెరిచాయి. ప్యానెల్లో చిన్నగా టక్‌మంది.

పెట్టె మూలుగుతూనే ఉంది. వేడి ఎంతుండాలో అంతే ఉంది. గవరమ్మ ఆ అంకెలు చూసింది, మళ్లీ చూసింది, తర్వాత నా భుజం మీద పడి ఎగరడం మొదలుపెట్టింది. నా వయసులో ఎగరకూడదు. ఎగిరాను. విహారిగారు ఒంటికాలి మీదే ఎగిరారు. సిద్ధాంతిగారు ఎగరలేకపోయారు, ఇంకా ఎవరూ ఆయన్ని విప్పలేదు.

7. ఊరి ముఖం: ఎటైతేనేం. గాలి: చల్లన.

ఆ పిడుగు తర్వాత రోజూ ఒకే పని. సిద్ధాంతిగారు ముందు నడుస్తారు, సుద్దముక్కతో. ప్యానెల్ ఎదురుగా నిలబడి, తూర్పు అనుకుని, ముందు ఎడమ మూల గుర్తు పెడతారు. నేను వెనక స్క్రూడ్రైవరుతో వెళ్లి ఆ గుర్తులో డబ్బా బిగిస్తాను. మా ఇద్దరికీ ప్రతి ఇంట్లోనూ పెసరట్లు. కుక్కరు పోయిన ఇళ్లలో మర్యాద ఎక్కువ.

ఈ మధ్యాహ్నం గవరమ్మ కబురు పంపింది. మేము వెళ్లేసరికి ఊరంతా హాల్లో ఉంది. పెట్టె అద్దంలోంచి చూస్తే ఒక గుడ్డు మీద చిన్న పగులు. పగుల్లోంచి ఒక ముక్కు. మొదటి పిల్ల బయటికొచ్చి, తడిసిన ఈకలతో, తూలుతూ నిలబడి మమ్మల్నందరినీ చూసింది. పెద్దగా నచ్చినట్టు లేదు. "దీన్ని ఆపే స్విచ్చి ఎక్కడ" అని ఒక పాప అడిగింది. ఆపడం కుదరదని చెబితే నమ్మలేదు. ఆ తర్వాత ఒకటి, ఇంకొకటి, అలా పగులుతూనే ఉన్నాయి. అరుపులు, కేకలు, ఎవరి పిల్ల ఏదో అప్పుడే తగువులు.

ఆరిన పిల్లల్ని గవరమ్మ ఒక్కొక్కటిగా తీసి చాప మీదికి వదిలింది. వదిలి, పక్కనే గోడకు జారగిలబడి కాళ్లు చాపింది. పిడుగుల సీజను మొదలయ్యాక అది సరిగ్గా నిద్రపోలేదు. కళ్లు తెరుచుకునే ఉండటానికి కాసేపు ప్రయత్నించి, మాట మధ్యలోనే నిద్రలోకి పోయింది. ఒక పసుపు ఉండ దాని పొట్ట మీదికెక్కి, అటూ ఇటూ కాలితో సర్దుకుని, అక్కడే కూర్చుంది. ఇంకొకటి ఎక్కింది. తర్వాత అన్నీ.

సిద్ధాంతిగారు వేలు పెదవి మీద పెట్టారు. విహారిగారు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. ఊరంతా మునివేళ్ల మీద వెనక్కి జరిగింది. ఎవరో నన్ను ఏదో అడిగారు. నా జీవితంలో మొట్టమొదటిసారి గొంతు తగ్గించి జవాబు చెప్పాను.